గొంగడి కింద సముద్రం

హైదరాబాద్‌లో సముద్రం లేదన్న సంగతి నాకు గుర్తు చేయని మనిషి మా చుట్టుపక్కల లేడు. ఉప్పుగూడ స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన మొదలు సంతోష్‌నగర్‌లో మా చిన్నమ్మ ఇంటి పక్క కిరాణా కొట్టాయన దాకా అందరూ ఆ విషయం తామే కనిపెట్టినట్టు చెప్పేవాళ్ళు. నేను సముద్రంలో ఉండే కంటికి కనిపించని నాచు మీద పరిశోధన చేస్తున్నానంటే మొదట ఒక నవ్వు, ఆ తర్వాత ఈ మాట. ఇప్పుడెవరూ అనడం లేదు. అనకుండా చేసింది నేనొక్కదాన్నే కాదు, మా తబేలా మొత్తం చేసింది. ఆ గెలుపు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో కాస్త గొప్పలు పోతే ఓర్చుకోండి, చాలా ఏళ్ళు ఎగతాళి పడ్డదాన్ని.

మాది పాల కుటుంబం. ఉప్పుగూడ రైలు పట్టాలకు ఇవతల, చిన్న సందులో మా బర్రెల తబేలా తాతల నాటి నుంచి ఉంది. బర్రెల్ని మేపడం, పిండడం బాపు పని. పిండిన పాలు మాత్రం బాపువి కావు, అమ్మవి. పాల గది అమ్మ రాజ్యం. అందులోకి చెప్పులతో పోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, మూత లేని గిన్నె ఒక్క నిమిషం ఉండకూడదు. ఈగ కన్నా దుమ్ము కన్నా అమ్మకు దిష్టి భయం ఎక్కువ. పాల మీద పరాయి కన్ను పడితే విరిగిపోతాయని, ఆ బర్రె పొదుగు ఎండుతుందని మా పాల ఇళ్ళల్లో గట్టి నమ్మకం. నాలుగిళ్ళ అవతలికి పాలు పంపినా క్యాన్ మీద గుడ్డ కప్పందే గడప దాటనివ్వదు. చదువుకున్నదాన్ని కదా అని ఒకసారి వాదించబోయాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా అమ్మ. కుందేలును అక్కడే వదిలేశాను.

డిగ్రీలో మా బోటనీ మేడం ఎవరో తెచ్చిచ్చిన సముద్రపు నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఏమీ ఉండదనుకుని కన్ను పెట్టాను. లోపల గాజు పెట్టెలు, గాజు పడవలు, గాజు గొలుసులు. ఒక్కోదాని మీద సన్నటి గీతలు, చుక్కలు, ఏ కంసాలీ చెక్కలేనంత నేర్పుగా ఉన్నాయి. అవి డయాటమ్‌లనీ, ఒకే ఒక కణం ఉన్న నాచు అనీ, నీళ్ళలో కరిగిన ఇసుక సారంతో తమ చుట్టూ గాజు ఇల్లు కట్టుకుంటాయనీ మేడం చెప్పింది. నా వెనక లైన్లో ఉన్నవాళ్ళు లొల్లి పెట్టేదాకా కన్ను తీయలేదు. పెళ్ళిచూపుల్లో కూడా నేను దేన్నీ అంతగా చూడలేదు, ఆ సంబంధాలన్నీ అందుకే తప్పిపోయాయని అమ్మ అంటుంది.

పీహెచ్‌డీలో చేరిన రోజు బాపు గడ్డి మోపు దింపుతూ అడిగాడు.

"ఇంతకీ ఏందిది? చేపలా?"

"చేపలు కాదు బాపూ. చేపలు తినే చేపలు తినే పురుగులు తినే నాచు. సముద్రంల గడ్డి అనుకో."

గడ్డి అనేసరికి బాపు మొహం మారింది. అది ఆయన శాఖ.

"అంతట ఒక్కతీరుగ మొలుస్తదా? ఏడ మస్తుగ మొలుస్తది, ఏడ మొలవది?"

నా పరిశోధన మొత్తం ఆ ప్రశ్నే. ఏ రకం నాచు సముద్రంలో ఎక్కడ, ఎంత లోతులో, ఏ కాలంలో ఉంటుంది, ఎందుకు అక్కడే ఉంటుంది? బాపుకు అది వింతగా అనిపించలేదు. మూసీ ఒడ్డున పెరిగే పచ్చగడ్డి మా బర్రెలకు ప్రాణం. ఏ వంపు దగ్గర గడ్డి చిక్కగా లేస్తుందో, వాన పడ్డాక ఏ ఒడ్డు గడ్డి నీళ్ళగా ఉండి బర్రెలకు పేడ జారుతుందో ఆయనకు తెలుసు. నేను ఆయనకు రెండు సముద్రాల సంగతి చెప్పాను. వానాకాలం గాలులు అరేబియా సముద్రాన్ని కవ్వం పెట్టి చిలికినట్టు చిలుకుతాయి, అడుగున ఉన్న సారం పైకొస్తుంది, గాజు నాచు విరగకాస్తుంది. మన వైపు బంగాళాఖాతంలో నదుల మంచినీళ్ళు, వాన నీళ్ళు ఉప్పునీటి మీద మీగడలాగా పేరుకుంటాయి, అడుగు సారాన్ని పైకి రానివ్వవు. అందుకే అక్కడ చాలా నాచు పైన ఉండదు, ఎండ సన్నగా అందే లోతుల్లో ఉంటుంది. వెలుతురు పై నుంచి రావాలి, ఎరువు కింది నుంచి రావాలి, రెండూ కలిసే చోటే దాని బతుకు.

"మనం పీల్చే గాలిల దగ్గర దగ్గర సగం మంచి గాలి గీ నాచుల పుణ్యమే బాపూ."

"గట్లనా. అయితే మంచి సదువే," అన్నాడు బాపు. ఆ తర్వాత ఎవరు ఏమన్నా ఆయన మాత్రం నన్ను ఎగతాళి చేయలేదు.

అమ్మకు మాత్రం అది నాచు కూడా కాదు, పాసి. నీళ్ళ తొట్టి గోడలకు పట్టేది, చీపురుతో గీకి పారేసేది. "పాసి మీద పదేండ్లు సదువుతరా ఎవరన్న," అనేది. పదేళ్ళు కాలేదు గానీ చాలానే అవుతున్నాయి.

మా ప్రయోగశాల నగరానికి అవతలి అంచున ఉంది. పొద్దున ఫలక్‌నుమా నుంచి వచ్చే లోకల్ పట్టుకుని వెళ్ళేదాన్ని. ఓడల మీద వెళ్ళినవాళ్ళు సీసాల్లో తెచ్చిన నీటిలో నా పని సాగేది. చెప్తే నవ్వుతారు, సముద్రం మీద రెండు పరిశోధన పత్రాలు రాసేదాకా నేను సముద్రాన్ని చూడలేదు. బంగాళాఖాతం మధ్య నుంచి, వెలుతురు మసకగా ఉండే లోతు నుంచి తీసిన ఒక సీసాలో అది నాకు దొరికింది. గొలుసుగా పెరిగే డయాటమ్. గొలుసులో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య ఉండే సందు ఆకారం, ముళ్ళు వంగిన తీరు నేను చదివిన ఏ వర్ణనకూ సరిపోలేదు. ఇంతవరకూ ఎవరూ చూడని రకం కావచ్చని మా గైడ్ మేడం అంది. ఆమె "కావచ్చు" అన్నదంటే వేరేవాళ్ళు మేళాలు పెట్టించుకోవచ్చు. ఆ రోజు రైల్లో ఉప్పుగూడ దాటిపోయి ఫలక్‌నుమాలో దిగి, నవ్వుకుంటూ వెనక్కి నడిచి వచ్చాను. దానికి పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కొత్త రకమని నిరూపించాలంటే ఆ జీవి ఒక్కటే ఉన్న కల్చర్ కావాలి. ఒక్క కణాన్ని పట్టి, సముద్రపు నీటితో చేసిన ఆహారంలో పెంచి, దాని సంతానం తప్ప మరొకటి లేకుండా చూసుకోవాలి. అక్కడ నా కొంప మునిగింది. నీటిలో దానితోపాటు ఒక పచ్చటి నాచు వచ్చింది. చుక్కంత కూడా లేని కణం, తోకలతో ఈదుతుంది, గంటగంటకూ పెరుగుతుంది. సన్నటి గాజు గొట్టంతో నా డయాటమ్ గొలుసును ఒక్కదాన్నే ఎత్తి కొత్త నీటిలో వేసేదాన్ని. వారం తిరిగేసరికి ఫ్లాస్క్ పచ్చగా ఉండేది. గొలుసు ముళ్ళ మధ్య ఎక్కడో ఒక పచ్చ కణం దాక్కుని వచ్చేది. కడిగాను, వడగట్టాను, మందులు వాడాను. పంటలో కలుపు తీసిన వాళ్ళకు నా బాధ తెలుస్తుంది, ఒక్క వేరు మిగిలినా చాలు.

మేడం ఒకరోజు పిలిచి తేల్చి చెప్పింది. "కమిటీ వాళ్ళు ఇంక గడువు ఇవ్వరు. మిగతా అధ్యాయాలు బాగానే ఉన్నాయి, కానీ అవి మాత్రమే అయితే డిగ్రీకి చాలవని వాళ్ళు ముందే అన్నారు. ఈ జాతి గురించిన అధ్యాయం ఉంటే డిగ్రీ ఉంది, లేకపోతే లేదు. కల్చర్ క్లీన్ అవ్వాలి."

అప్పుడే ఎండాకాలంలో మా కల్చర్ల గదికి చల్లదనమిచ్చే యంత్రం పాడైంది. బాగుచేయడానికి నెల దాటుతుందన్నారు. తక్కిన విద్యార్థులు తమ ఫ్లాస్కులు వేరే ప్రయోగశాలలకు తరలించారు. నావి ఎవరూ తీసుకోలేదు. గజ్జి పట్టిన బర్రెను ఎవరు తమ కొట్టంలో కట్టేసుకుంటారు? నా పచ్చ నాచు వాళ్ళ కల్చర్లకు ఎక్కడ అంటుకుంటుందో అని దండం పెట్టారు. సరిగ్గా అదే వారం నాకు ఓడ మీద చోటు దొరికింది. నెల రోజులకు పైగా బంగాళాఖాతంలో. జీవితంలో మొదటిసారి. వదులుకుంటే మళ్ళీ ఎప్పుడో.

నగరంలో నాకు తెలిసి రాత్రింబవళ్ళు చల్లగా ఉండే గది ఇంకొకటి ఉంది. మా పాల గది. ఏసీ, కరెంట్ పోతే ఇన్వర్టర్, దుమ్ము లేదు, దొంగ లేడు. నాలుగు ఫ్లాస్కుల్నీ థర్మాకోల్ పెట్టెలో పెట్టి లోకల్ రైల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చాను. అమ్మ ముందు ఒప్పుకోలేదు.

"పాల గదిల పాసా? నువ్వు సోయిల ఉండే మాట్లాడుతున్నవా?"

"నెల రోజులే అమ్మా. దీని మీదనే నా సదువంత ఉంది. ఇది పోతే నేను ఇన్నేండ్లు చేసింది పోయినట్టే."

అమ్మ నా మొహం చూసి, పెరుగు కుండలు పక్కకు జరిపి పై అరలో చోటు చేసింది. నేను ఫ్లాస్కులు పెట్టి, వాటి పైన ట్యూబ్‌లైట్ బిగించాను. పగలూ రాత్రీ వెలుతురు పడినా నష్టం లేని రకం నాచే నాది.

"ఈ లైట్ అస్సలు ఆపొద్దు. ఏం చేసినా చేయకపోయినా లైట్ మాత్రం ఆపొద్దు."

"దీపం కొండెక్కనియ్యొద్దు, గంతే గద. నువ్వు ఫికర్ చేయకు, పో," అంది అమ్మ.

సముద్రం గురించి ఏం చెప్పను. ఓడ ఎక్కిన మొదటి రెండు రోజులు వాంతులు చేసుకుంటూ దాన్ని తిట్టాను. మూడో రోజు పొద్దున రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఎటు చూసినా అది తప్ప ఇంకేం లేదు. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. నది కలిసే చోట వల వేస్తే గోధుమరంగు జిగురు పైకొచ్చింది, మైక్రోస్కోప్ కింద పెడితే గాజు గొలుసుల జాతర. ఒడ్డుకు దూరంగా, నీళ్ళు సిరా నీలంగా మారిన చోట వల దాదాపు ఖాళీగా వచ్చింది. అక్కడ పైనీటిలో అన్నీ పిసరంత జీవులు, చుక్కలు చుక్కలుగా. వాటి మధ్య ఎప్పుడైనా ఒకటి కొమ్ములతో, ఇంకొకటి సున్నపు బిళ్ళలతో ఒళ్ళంతా కప్పుకుని గంభీరంగా తేలుతూ వచ్చేది. అదే చోట లోతుకు సీసా దింపితే మళ్ళీ నాచు చిక్కబడేది. పుస్తకంలో గీతలుగా చదివిందంతా నా చేతుల మీదుగా చల్లగా పోతుంటే, బాపు పక్కన ఉంటే బాగుండుననిపించింది. ఆయన ప్రశ్నకు జవాబు అక్కడ పొరలు పొరలుగా ఉంది.

ఓడ మీది నుంచి ఇంటికి ఒకే ఒక్కసారి ఫోన్ కలిసింది. అమ్మే ఎత్తింది.

"అంత మంచిగుంది. నీ లైట్ ధగధగ వెలుగుతనే ఉంది. కరెంట్ పోతె గూడ ఆపలే."

నాకు అమ్మ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

తిరిగొచ్చిన రోజు స్టేషన్ నుంచి ఆటోలో దిగి, సామాను వాకిట్లో పడేసి నేరుగా పాల గదిలోకి పోయాను, చెప్పులు విప్పి. మా పాలు తీసుకునే చాయ్ హోటల్ భాయ్ క్యాన్‌తో అక్కడే ఉన్నాడు. బాపు గుమ్మంలో ఉన్నాడు. అమ్మ గర్వంగా పై అర చూపించింది.

ట్యూబ్‌లైట్ నిజంగానే వెలుగుతోంది. దాని కింద బాపు నల్ల గొంగడి ఉంది. చలికాలం రాత్రి వేళ బర్రెలు చూడ్డానికి పోయేటప్పుడు కప్పుకునే, సూది మొన కూడా దూరనంత దిట్టమైన గొంగడి. నాలుగు ఫ్లాస్కుల్నీ నాలుగు దిక్కులా చుట్టి, మీద మడత పెట్టి, ఆ మడత మీద ఒక నిమ్మకాయ, నాలుగు ఎండు మిరపకాయలు పెట్టి ఉన్నాయి. గొంగడి మీద లైట్ చక్కగా పడుతోంది.

"ఇదెప్పుడు కప్పినవు అమ్మా?" అన్నాను.

"నువ్వు పోయిన రెండో నాడే. ఏం, మంచిగ కప్పలేదా?"

నేను బోర్లించిన పాల క్యాన్ మీద కూర్చుండిపోయాను. అమ్మ కంగారు పడింది.

"ఏమైందే? లైట్ ఆపొద్దన్నవ్, ఆపలే. ఇన్వర్టర్ మీద గూడ నడిపిచ్చిన. కావాల్నంటే మీ బాపుని అడుగు."

"లైట్ గది కోసం కాదే అమ్మా. వాటి కోసం. అవి లైట్ తిని బతుకుతయ్."

"గా ముక్క నాకు చెప్పినవా?"

చెప్పాననే నా నమ్మకం. చెప్పలేదని అమ్మ నమ్మకం. ఆ కేసు మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

విషయం భాయ్ చెప్పాడు. నేను వెళ్ళాక బస్తీలో మాట పాకిందట. ఉప్పుగూడలో సముద్రం వచ్చిందని, పాలకొచ్చిన ప్రతివాళ్ళూ గదిలోకి తొంగి చూసి, మెరిసే ఫ్లాస్కుల్ని చూసి, వేళ్ళు చూపించి నోళ్ళు వెళ్ళబెట్టి పోయారట. వాళ్ళలో మొదటివాడు ఆయనే.

"మైచ్ బోలా బేటీ," అన్నాడు తల దించుకుని. "నజర్ లగ్ జాతీ భాభీ, ఢాంక్ కే రఖో బోల్ కే. గల్తీ మేరీచ్ హై."

పాలలాగే దానికీ దిష్టి తగులుతుంది, కప్పి పెట్టమని ఆయనే అన్నాడట, తప్పు తనదేనట. అమ్మ కప్పింది. గొంగడి బాపు ఇచ్చాడు. ముగ్గురూ నేరస్తుల్లాగా వరసగా నిలబడ్డారు. నేను లేచి గొంగడి విప్పాను. నాలుగు ఫ్లాస్కుల్లోనూ నీళ్ళు తేటగా, రంగు లేకుండా, మంచినీళ్ళలా ఉన్నాయి. నేను పోయేనాటికి పచ్చగా ఉన్న నీళ్ళు. నెల దాటి చీకట్లో ఉన్న నాచు. ఇంకేముంది, నా డిగ్రీ పోయిందనుకున్నాను. బాపు మెల్లగా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు.

మరుసటి రోజు ఫ్లాస్కుల్ని ప్రయోగశాలకు ఎందుకు తీసుకెళ్ళానంటే, పారబోయడానికి కూడా ఒక పద్ధతి ఉంది కాబట్టి. పారబోసే ముందు, నిండా మునిగినవాడికి చలేమిటనుకుని, అడుగున ఉన్న కాస్త మట్టిరంగు దుమ్ములోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను.

పచ్చ నాచు లేదు. తోకలతో ఈదేది ఒక్కటీ లేదు. పగిలిన తిత్తులు, చెత్త. వాటి మధ్యలో నా గాజు గొలుసులు, తెగి ముక్కలై ఉన్నాయి. గాజు ఇంటి లోపల గోధుమరంగు ప్రాణం నాలుగు మూలల నుంచీ ముడుచుకుని మధ్యలోకి చేరి ముద్దగా ఉంది. చచ్చిన డయాటమ్ అలా ఉండదు. దాని లోపల ఖాళీగా ఉంటుంది.

నేను నా కళ్ళను నమ్మలేదు, నమ్మాలనిపించడాన్ని అసలే నమ్మలేదు. ఆ దుమ్మును కొత్త ఆహారంలో వేసి, మొదట సన్నటి వెలుతురులో పెట్టాను. మా కల్చర్ల గది యంత్రం అప్పటికి బాగైంది. ఒక రోజు ఏమీ లేదు. ఇంకో రోజు ఏమీ లేదు. అమ్మ రోజూ ఫోన్ చేసి "లేసిందా?" అని అడిగేది, జ్వరం వచ్చిన పిల్ల గురించి అడిగినట్టు. నేను లేదనేదాన్ని. ఆ వారం అమ్మ పాలు కూడా సరిగా కొలవలేదని బాపు చెప్పాడు.

తర్వాత ఒక పొద్దున ఫ్లాస్క్ ఎత్తి చూస్తే అడుగున చాయ్ మరక లాంటి రంగు కనపడింది. వెంటనే చుక్క తీసి చూశాను. గొలుసులు. పొడుగాటి, నిండైన, బంగారు గోధుమరంగు గొలుసులు, ముళ్ళు చాచుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఒక్క పచ్చ కణం లేదు. రెండో ఫ్లాస్క్ చూశాను, లేదు. మూడోది, నాలుగోది, లేదు. నేను ఏళ్ళ తరబడి గొట్టాలతో, మందులతో చేయలేని పనిని నల్ల గొంగడి ఊరికే కూర్చుని చేసేసింది. నేను కారిడార్లో పరుగెత్తిన చప్పుడుకు మేడం గదిలోంచి బయటికొచ్చింది.

ఆమె వచ్చి మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది. "ఏం చేశావు?" అంది తల ఎత్తకుండానే.

చెప్పాను. నిమ్మకాయ, మిరపకాయలతో సహా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"ఇది మసక లోతుల్లో పెరిగేది. చీకట్లో పని ఆపుకుని పడుకోవడం దానికి వచ్చు. ఆ పచ్చది ఎండలో బతికేది, దానికి రాదు. అలా అనుకోవచ్చు. కానీ ఒక్కసారి జరిగితే అదృష్టం అంటారు. మళ్ళీ చెయ్యి. అదే గొంగడితో చెయ్యి."

అలా బాపు గొంగడి లోకల్ రైలెక్కి మా ప్రయోగశాలకు వచ్చింది. కల్చర్ల గదంతా బర్రె వాసన అని తోటి విద్యార్థులు మొత్తుకున్నారు. నా ఫ్లాస్కులు తీసుకోనన్నవాళ్ళు కదా, నేను ఒక్క అంగుళం జరపలేదు. ఆ పచ్చ నాచును విడిగా పెంచుతున్న ఒక సీనియర్ దగ్గర్నుంచి తెచ్చి, కావాలని నా డయాటమ్‌లో కలిపి, కొన్నిటిని లైట్ కింద, కొన్నిటిని గొంగడి కింద పెట్టాను. లైట్ కిందివి పచ్చబడ్డాయి. గొంగడి కిందివి తేటబడి, వెలుతురులోకి తెచ్చాక గోధుమరంగులో లేచాయి. మళ్ళీ చేశాం. మళ్ళీ అదే. గాజు ముళ్ళ ఫొటోలు తీశాం, డీఎన్‌ఏతో వంశం పరీక్షించాం. నా డయాటమ్ నిజంగానే కొత్తది. అధ్యాయం రాశాను, అది తక్కిన అన్ని అధ్యాయాలకన్నా పొడుగొచ్చింది.

చివరి వైవాకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మా వాళ్ళు పొద్దుటి పాలు త్వరగా ముగించుకుని లోకల్లో వచ్చారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చాయ్ హోటల్ భాయ్ హోటల్ మూసి వచ్చాడు, ఆయన హోటల్ మూయడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ వెనక వరసలో గోడ పక్కన కూర్చుంది. నేను రెండు సముద్రాల గురించి, వాటి పొరల గురించి, ఎక్కడ ఏది పెరుగుతుందో దాని గురించి మాట్లాడాను. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. గాజు గొలుసు తెర మీద గోడంత పెద్దగా కనపడినప్పుడు భాయ్ "వాహ్" అన్నాడు, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. చాలా అడిగాడు, అన్నిటికీ చెప్పాను. చివరికి కళ్ళద్దాలు తీసి అడిగాడు. "శుద్ధి చేయడానికి చీకటి వాడారు. చక్కటి ఆలోచన. ఈ ఆలోచన మీకు ఎలా వచ్చింది?"

ఎన్నో జవాబులు చెప్పొచ్చు. నేను మేడం వైపు చూశాను. ఆమె చెప్పెయ్ అన్నట్టు తలూపింది.

"నాది కాదు సార్. దిష్టి తగులుతుందని మా అమ్మ గొంగడి కప్పింది. అక్కడ కూర్చుంది."

హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా లేచి వెనక వరస వైపు చూశాడు. "అమ్మా, ఒక్క మాట అడగనా? అలా కప్పితే అవి చచ్చిపోతాయని మీకు అనిపించలేదా?"

అమ్మ లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. అంతమంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పాల గదిలో నాతో మాట్లాడినంత మామూలుగా మాట్లాడింది.

"గవి బతుకుతయో సస్తయో నాకేం ఎరుక సారూ. గవి ఏందో గూడ నాకు ఎరుకలే. నా బిడ్డ ఇన్నేండ్లు కండ్లు పోగొట్టుకొని చేసిన కష్టం గట్ల అర మీద బయట పెట్టి పోయింది. వచ్చినోళ్ళు పోయినోళ్ళు దాన్నే చూస్తుండ్రి. నా మనసుకు నిమ్మళం లేకపాయె. నేను గా పాసికి కప్పలే సారూ. నా బిడ్డ కష్టానికి కప్పిన."

బాపు కింద చూస్తూ చొక్కా గుండీ సవరించుకున్నాడు. పెద్దాయన నిలబడే నా థీసిస్ మూసి, తనకు ఇంక ప్రశ్నలు లేవన్నాడు. ఆ తర్వాత ఏం ప్రకటించారో, ఎవరు చప్పట్లు మొదలుపెట్టారో నాకు సరిగా వినపడలేదు. తెర మీద నా డయాటమ్ గోడంత వెలుగుతుండగా దాని ముందు నిలబడి బాహాటంగా ఏడ్చాను, అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి, ఉండనీ అనుకున్నాను.